‘ఎఱ్ఱమేడ కల’: వరుసయు, వలపును

తెలుగు పాఠకుడు ఏ కుటుంబకథను చేతబట్టినను, తనకు తెలియకయే మొదట వరుసలు కలుపుకొనును. ఎవరు ఎవరికి మేనత్త, ఎవరు ఎవరికి పినతల్లి అన్న లెక్క తేలినగాని అతనికి కథలో కాలు నిలువదు. పదునెనిమిదవ శతాబ్దపు చైనా మహానవల ‘హోంగ్‌లౌమెంగ్’ను చదువునప్పుడు ఈ అలవాటు ఒక విచిత్రమైన చిక్కును తెచ్చిపెట్టును. ఆ పేరును ‘ఎఱ్ఱమేడ కల’ అని తెలుగు చేయవచ్చును; ఎఱ్ఱమేడ యనగా సంపన్నుల ఇంటి ఆడువారు నివసించు మేడ. పైన చెప్పిన చిక్కును విప్పుకొన్నచో నవల యొక్క మర్మమే విడివడునని నా నమ్మకము.

కథానాయకుడు జియా బావోయు నోట మణితో పుట్టిన బిడ్డ. నాయనమ్మకు కన్నుల వెలుగు. అతని చుట్టును ఇద్దఱు కన్యలు. లిన్ దైయు అతని మేనత్త కూతురు, అతనికన్న ఏడాది చిన్నది. తల్లి పోగా అమ్మమ్మ పంచను చేరి, పిదప తండ్రినిగూడ పోగొట్టుకొన్న రోగిష్టి పిల్ల, కవయిత్రి. షుయే బావోచై అతని తల్లి చెల్లెలి కూతురు. వయస్సున పెద్దది, మితభాషిణి, అందఱి మెప్పును పొందిన గుణవతి. ఇంక తెలుగువానికి చెప్పవలసినదేమున్నది? మొదటిది మరదలు, రెండవది అక్క. ఒకతె చేసికొనదగినది, మఱియొకతె చేసికొనరానిది. కాని నవలలో జరుగునది తలక్రిందులు. మేనత్త కూతురితోడి వలపు రహస్యమై, దోషమై, ప్రాణాంతకమగును. పినతల్లి కూతురితోడి వివాహము పెద్దల చేతులమీదుగా జరుగును.

చైనా ఆచారమున ఇంటిపేరు గీటురాయి. ఒకే ఇంటిపేరు గలవారి నడుమ పెండ్లి కూడదు. మేనత్త బిడ్డలును, పినతల్లి బిడ్డలును వేఱు ఇంటిపేరువారే కనుక ఉభయులును పెండ్లికి తగినవారే. ఈ సంగతిని నవలయే చెప్పుచున్నది. 34వ అధ్యాయమున బావోయు పరిచారిక షీరెన్, యజమానురాలైన వాంగ్ దొరసానితో ఏకాంతముగా మాటాడుచు, పిల్లలు ఎదిగినారు, దైయు మేనత్త కూతురును, బావోచై పినతల్లి కూతురును గదా, ఎంత అక్కచెల్లెండ్రయినను ఆడ మగ భేదమున్నది గదా, చిన్నదొరను తోటలోనుండి వేఱుచోటికి మార్చుట మంచిది అని సలహా చెప్పును. మనము నిప్పుకును నీటికిని ఉన్నంత భేదము చూచు రెండు వరుసలను ఆమె ఒకే గాటన కట్టినది. అందుచేత ఆ ఇంటిలోని నిషేధము వరుసకు సంబంధించినది కాదు. మఱి దేనికి సంబంధించినది?

జవాబు వెదకుటకు ముందు గ్రంథకర్తను గూర్చి రెండు మాటలు. త్సావ్ షుయేచిన్ రమారమి 1715లో పుట్టి, 1763 లేక 1764లో మరణించెను. అతని పూర్వులు నాన్‌జింగ్‌లో చక్రవర్తి పట్టునేత శాలలకు అధికారులు. తాత త్సావ్ యిన్ కాలమున కాంగ్‌షీ చక్రవర్తి దక్షిణ యాత్రలలో నాలుగు మారులు ఆ కుటుంబము ఆతిథ్యము స్వీకరించెను. తరువాత యోంగ్‌జెంగ్ చక్రవర్తి ఆజ్ఞతో 1727–28లో ఆస్తి జప్తయ్యెను. ఐశ్వర్యమును బాల్యమున చూచి, పిదప బీజింగ్‌లో పేదరికము అనుభవించిన మనిషి వ్రాసిన నవల యిది. అతని పేర నిలిచిన 80 అధ్యాయములు చేతివ్రాత ప్రతులలో ప్రచారమందినవి. చెంగ్ వెయ్‌యువాన్, గావో అ అను ఇరువురు 1791లో 120 అధ్యాయముల గ్రంథముగా అచ్చువేసిరి. చివరి 40 అధ్యాయములును గావో అ రచనయేనని హూ షి 1921లో వాదించెను. నేటి పరిశోధకులందఱును దానిని అంగీకరించుట లేదు. ఈ భేదము మన విచారమునకు ముఖ్యమగుటచే గుర్తుంచుకొనవలెను.

నిషేధము మనస్సు ఎన్నుకొనుటకు సంబంధించినది. వివాహము పెద్దల ఆజ్ఞ, పెండ్లిపెద్దల మాట. వధూవరుల హృదయమునకు అందు పాత్ర లేదు. వారు హృదయము కలవారమని చూపుటయే అపరాధము. కనుకనే బావోయు, దైయుల ప్రేమకు భాష లేదు. వలపు చెప్పుకొనరాని ఆ ప్రేమికులు కలహింతురు, అలుగుదురు, ఏడ్తురు. 20వ అధ్యాయమున బావోచైపై అసూయతో అలిగిన దైయును ఓదార్చుటకు బావోయుకు దొరికిన మాటలు బంధుత్వపు మాటలే: నీవు మేనత్త కూతురవు, ఆమె పినతల్లి కూతురు, చుట్టరికమున నీవే దగ్గఱ, ఆమెయే దూరము, పైగా నీవు ముందు వచ్చినావు. ప్రేమయని పలుకలేని నోరు వరుసను చాటు చేసికొన్నది. దైయుకు మాత్రము ఆ లెక్క అక్కఱలేదు. ఆమె అడుగుచున్నది మనస్సును. తండ్రిచేత దెబ్బలు తిని మంచముపట్టిన బావోయు తాను వాడిన రెండు చేతిరుమాళ్లను ఆమెకు పంపును. ఏమి పాత గుడ్డలని తెచ్చిన పరిచారిక చింగ్‌వెన్‌కు అర్థము కాదు. దైయు మాత్రము గ్రహించి, వానిపై పద్యములు వ్రాయును. ప్రపంచ సాహిత్యమున ఇంతకన్న నిరాడంబరమైన ప్రేమలేఖ అరుదు.

ఈ నిషేధ స్వరూపమును త్సావ్ షుయేచిన్ మఱియొక చిన్న కథలో ఇంకను విస్పష్టముగా చూపెను. 74వ అధ్యాయమున తోటలోని నివాసములన్నిటిని రాత్రివేళ సోదా చేయుదురు. సోదాకు ఎగదోసిన ముసలిదాని సొంత మనుమరాలు, అనగా కూతురి కూతురు, సీచీ అను పరిచారిక పెట్టెలోనే ప్రియుని ఉత్తరము దొరకును. ఆ ప్రియుడు ఎవరు? సీచీ మేనత్త కొడుకు. నాయిక కథలోని వరుసయే దాసి కథలోను పునరుక్తమైనది. మన పల్లెలలో ఇరుపక్షముల పెద్దలును కూర్చుండి తాంబూలములు పుచ్చుకొనదగిన సంబంధము అక్కడ దాసిని ఇంటినుండి వెడలగొట్టు నేరమైనది. అడుగకుండ తామే ఎన్నుకొన్నారు గనుక. పట్టుబడిన సీచీ తలవంచుకొని నిలుచునే గాని, ఆమె మొగమున భయము గాని సిగ్గు గాని కానరాదు. అది చూచి షీఫెంగ్ వంటి గుండెదిటవు గల ఇల్లాలే వింతపడును. ఆ వింతపాటులో రచయిత తీర్పు ఉన్నదని నేననుకొందును.

ఇక కుతంత్రముల మాట. ఇంటి పెత్తనము చేయు వాంగ్ షీఫెంగ్ ప్రత్యక్షముగ క్రూరురాలు. 3000 తులముల వెండి పుచ్చుకొని ఒక నిశ్చితార్థమును చెడగొట్టించును. ఆ జంట ఇరువురును ప్రాణములు తీసికొందురు. భర్త చాటుగా పెండ్లాడిన యూ ఎర్‌జియెను అక్కవలె నవ్వుచు ఇంటికి తెచ్చి, మింగిన బంగారముతో ఆమె చచ్చువఱకు వేధించును. ఇట్టి కుట్రలు ఏ నాటకమునందైనను దొరకును. త్సావ్ షుయేచిన్ గొప్పతనము కుట్ర కాని కుట్రలో ఉన్నది. 57వ అధ్యాయమున బావోచై తల్లి, దైయును ఆప్యాయముగ నిమురుచు, ఈ పిల్లను బావోయుకు ఇచ్చినచో నాలుగు మూలలును సరిపోవును గదా అని నవ్వులాటకు అనును. దైయు పరిచారిక జీజ్వాన్ పరుగున వచ్చి, అట్లయిన పెద్దావిడతో ఏల చెప్పరు అని అడుగును. నీకే మగని తొందర కాబోలునని ఆమె నవ్వి త్రోసివేయును. అంతే. ఎవరును అబద్ధమాడలేదు. ఎవరును కీడు తలపెట్టలేదు. తల్లిదండ్రులు లేని పిల్ల పక్షమున మాటాడువారు లేకపోయిరి. వాంగ్ దొరసాని చింగ్‌వెన్‌ను వెడలగొట్టుటకు ముందు, దాని కనుబొమలు కొంచెము దైయు పోలికయని అనును. ఆ ఒక్క పోలికలో దైయు భవిష్యత్తు తేలిపోయినది. ఉమ్మడి ఇంటిలో తీర్పులు సభలో జరుగవు. వాకిట, వంటింట, మాటల మధ్య జరిగిపోవును.

ఈ దృష్టితో చూచినప్పుడు చివరి 40 అధ్యాయముల లోపము బయటపడును. అక్కడ షీఫెంగ్ వధువును మార్చు పన్నుగడ పన్నును. దైయునే చేసికొనుచున్నావని మతిచలించిన బావోయును నమ్మించి, ముసుగులో బావోచైని కూర్చుండబెట్టి, నమ్మకమునకు దైయు చిన్న పరిచారికను ప్రక్కన నిలుపుదురు. ఆ ఘడియకే దైయు ప్రాణము విడుచును. తెలుగువారికి ఇక్కడ శశిరేఖా పరిణయ గాథ స్ఫురింపక మానదు. అక్కడను ధనాశతో పెద్దలు మేనరికము తప్పింతురు; అక్కడను పెండ్లిపీటపై మారువధువు కూర్చుండును. కాని మన కథలో ఆ మాయ ప్రేమికులను కలుపును, ఈ కథలో చంపును. దైయు తన పద్యములను నిప్పున వేయు ఘట్టము కరుణరసమున ఎవరికిని తీసిపోనిది. దానిని కాదనుట రసహీనత. అయినను ఈ వధూవినిమయమునకు మొదటి 80 అధ్యాయములలో స్పష్టమైన సూచన లేదు. అంతవఱకు ఎవరి చేతిలోను లేని కత్తి ఇప్పుడు షీఫెంగ్ చేతికి వచ్చినది. దోషము ఇంటిది కాక ఒక మనిషిది అయినది. పాఠకుడు కోపగించుటకు ఒక మొగము దొరకినది. అందుచే ఇల్లు తప్పించుకొన్నది.

అనువాదకుని సమస్య దీనితో ముడివడియున్నది. ఆంగ్లమున డేవిడ్ హాక్స్, జాన్ మిన్ఫర్డ్‌ల అయిదు సంపుటముల అనువాదమును (1973–86), యాంగ్ దంపతుల మూడు సంపుటముల అనువాదమును (1978–80) ప్రసిద్ధములు. వారి భాషలో మేనత్త కూతురును, పినతల్లి కూతురును కూడ ‘కజిన్’ అను ఒక్క మాటలో ఇముడుదురు. తెలుగున ఆ వెసులుబాటు లేదు. బావోచైని పినతల్లి కూతురనగానే మన పాఠకుడు ఉలికిపడును. దానికి వెఱచి ఆమెను మేనమామ కూతురిగా మార్చుట ద్రోహము. ‘బంధువుల పిల్ల’ అని దాటవేయుట పిఱికితనము. వరుసలను ఉన్నవి ఉన్నట్లు ఉంచి, అక్కడి ఆచారమును పీఠికలో నాలుగు మాటలలో చెప్పి, ఉలికిపాటును పాఠకునికే విడిచిపెట్టవలెను.

ఏలయన ఆ ఉలికిపాటే మనకు ఉపకారము చేయును. మనము దైయు పక్షము వహించునది ఏల? ఆమె ప్రేమించినదనియా, మరదలనియా? దైయు పినతల్లి కూతురును, బావోచై మేనత్త కూతురును అయియుండినచో మన కన్నీరు ఎటు ప్రవహించెడిది? మేనరికము మనకు హక్కుగా తోచును. కాని ఆ హక్కు పెద్దలదే గాని పిల్లలది కాదు. వరుస కలిసినందున వలపు ధర్మమగునని నమ్మువాడు, జియా వారింటి పెద్దలు కొలిచిన త్రాసుతోనే తూచుచున్నాడు. తూనికరాళ్లు మాత్రమే వేఱు. తన నిషేధములు కాని నిషేధముల నడుమ తిరిగి వచ్చినవానికి గాని తన ఇంటి గోడలు కానరావు. తెలుగున కుటుంబకథలు వ్రాయువారు ఈ నవలను చదువవలెననుటకు నాకు ఇంతకు మించిన కారణము అక్కఱలేదు.