కమాను మేస్త్రి కొలత

పికప్ బండిని ఎంత ఎత్తు లేపాలో తేల్చడం కమాను మేస్త్రి గొప్ప నేర్పు. సాలూరు, కురుపాం, సీతంపేట ఏజెన్సీ దారుల్లో చింతపండు, జీడిపిక్కలు మోసే బండ్లకు వెనుక ఇరుసు మీద ఆసరా కమాను అనే ఉక్కు పట్టీల కట్టే. వాగులో రాయి అడుగున తగలకూడదు. సాలూరు దాటాక 26వ నంబరు జాతీయ రహదారి ఘాట్ మలుపుల్లో బండి ఒరగకూడదు. ఎత్తు పెరిగేకొద్దీ మొదటి ప్రమాదం తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. అందుకే మంచి మేస్త్రి ముందు బరువెంత, దారేది అని అడుగుతాడు. కట్టకు మరో పట్టీ చేరిస్తే మోత పెరుగుతుంది, కానీ ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. పాత పట్టీలకే వంపు తెప్పిస్తే పోయిన ఎత్తు తిరిగొస్తుంది. అడ్డదిడ్డంగా కాలిస్తే ఉక్కు పదును పోతుంది కాబట్టి చల్లటి పట్టీనే దిమ్మె మీద జరుపుతూ, సమ్మెటతో దెబ్బ పక్కన దెబ్బ వేస్తాడు. పట్టీ మీద పట్టీ సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూస్తాడు. సెంటర్ బోల్టు బిగించి, యూ బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి సమంగా తిప్పుతాడు. పెరిగిన ఎత్తుకు బ్రేకు గొట్టం అందుతోందా, ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మితిమీరిందా అన్నదీ చూస్తాడు. బరువుతో కొంత తిరిగాక బోల్టులు మళ్లీ బిగించాలని చెప్పి పంపుతాడు. కొండ మీది పంట చెక్కుచెదరకుండా సంతకు చేరడంలో, డ్రైవరు నడుము నిలవడంలో ఈ పనితనానికి పెద్ద వాటా ఉంది.