కల్పిత సామ్రాజ్యమున దైవము : మాహిష్మతీ పూజావిధి పరిశీలనము

లేని రాజ్యమును కల్పించుట కథకునకు కష్టము గాదు. లేని దేవుని కల్పించుటయే కష్టము. రాజ్యమునకు కోటయు, సేనయు, వంశావళియు సమకూర్చిన చాలును. దేవునకు కొలుచువారు కావలయును. వారికి మ్రొక్కుబడియు, భయమును, అలుకయు, తరతరముల వాడుకయు నుండవలయును. అందువలననే మన కథకులు క్రొత్త రాజ్యములను నిర్మించినప్పుడును తరచుగా పాతదేవతలనే అందు ప్రతిష్ఠించి, పూజావిధియందు తమ కల్పనమును చూపిరి. ఎస్. ఎస్. రాజమౌళి దర్శకత్వమున, వి. విజయేంద్రప్రసాద్ కథతో 2015, 2017 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడిన ‘బాహుబలి’ చలనచిత్రమునందలి మాహిష్మతీ సామ్రాజ్యము ఇందుకు తగిన నిదర్శనము. అందలి దైవమును, పూజను ఇట పరిశీలింపబూనినాము.

మాహిష్మతి యను పేరు కల్పితము గాదు. అది నర్మదాతీరమునందలి ప్రాచీన నగరము. కార్తవీర్యార్జునుని రాజధానిగా పురాణప్రసిద్ధము. ఆతడు దత్తాత్రేయు నారాధించి వేయిచేతులు పడసెను. భారతమున సభాపర్వమునందు సహదేవుడు దక్షిణదిగ్విజయమునకు వెడలినప్పుడు నీలుడు ఆ పురమునకు రాజు. అగ్నిదేవుడు దానికి రక్షకుడు. సహదేవుడు అగ్నిని స్తుతించి, ప్రసన్నుని చేసికొనిన పిదపనే కప్పమును గైకొనెను. చలనచిత్రము ఈ కథలలో దేనిని గ్రహింపలేదు. పేరును మాత్రము తెచ్చుకొని, శివలింగమును, ఉగ్రరూపిణియగు దేవిని నిలిపినది. అయినను అగ్ని వేఱొక త్రోవను అందు ప్రవేశించినది. రెండవభాగమున శివగామి తలపై నిప్పుల పాత్ర నిడుకొని ఎక్కడను ఆగక నడచును. కడపట దేవసేనయు అట్లే నడచి భల్లాలదేవుని చితి నంటించును. కథకుడు భారతకథను మనసున నుంచుకొనియే ఇట్లు చేసెనని మేము వాదింపము. ఈ నిప్పునకు మూలము ఇంకను చేరువనే కలదు.

ఆ సామ్రాజ్యపు కోట రామోజీ ఫిలింసిటీయందు నిర్మింపబడినది. సైదాబాదునుండి ఎల్బీనగరు, హయత్‌నగరు మీదుగా విజయవాడ బాట పట్టినవారికి అది త్రోవలోనిదే. ఈ ప్రాంతపు వీథులలో ఆషాఢమాసమున స్త్రీలు తలపై బోనము నెత్తుకొని అమ్మవారి గుడికి నడతురు. బోనమనగా భోజనము, కుండలో అన్నము, కుండపై దీపము. 2014లో తెలంగాణ రాష్ట్రపండుగగా ప్రకటింపబడిన ఈ వేడుకకును, శివగామి నడకకును రూపసామ్యము స్పష్టము. భేదమో అంతకంటె గమనింపదగినది. మాహిష్మతి దీపమును గ్రహించి అన్నమును విడిచినది. బోనమున అమ్మవారికి పెట్టిన అన్నమే ప్రసాదమై ఇంటివారికి వచ్చును. సామ్రాజ్యపు పూజలో తలపైనున్నది శత్రునాశమునకు పనికివచ్చు నిప్పు మాత్రమే. అచట పూజ రాజాజ్ఞకు మఱియొక రూపమైనది.

ఇక బలివిధానము. 16వ శతాబ్దివాడగు పింగళి సూరన కళాపూర్ణోదయమున మణిస్తంభుడు కలభాషిణిని మృగేంద్రవాహన గుడికి గొనివచ్చి బలియీయబూనును. ఆ దేవత పేరునకు సింహవాహిని యనియే అర్థము. సైదాబాదునకు సమీపమున లాల్‌దర్వాజాలో మహంకాళిని నేటికిని ఆ పేరుతోనే కొలుచుచున్నారు. 1951లో కె. వి. రెడ్డి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావు రచనతో వచ్చిన ‘పాతాళభైరవి’యందు నేపాళ మాంత్రికుడు సాహసియగు యువకుని బలియిచ్చి మహిమగల బొమ్మను పొందదలచును, తోటరాముడు ఆ మాంత్రికునే బలియిచ్చి బొమ్మను గైకొనును. ఈ రెండింటను బలియగువాడు పరుడు, ఫలము పొందువాడు బలియిచ్చువాడు.

బాహుబలి ఈ సంప్రదాయమును మార్చినది. కాలకేయులతో యుద్ధమునకు ముందు భల్లాలదేవుడు దేవికి పశువును బలియిచ్చును. బాహుబలి మూగజీవిని చంపనొల్లక తన చేతిని కోసికొని తన నెత్తురునే అర్పించును. ఇర్వురు రాజకుమారులలో సింహాసనమున కెవరు తగుదురో ఈ ఒక్క ఘట్టము తెలుపుచున్నది. కథానిర్మాణమున ఇది మిక్కిలి మెచ్చదగిన కల్పనము. కాని దీని వెల యేమి? పశుబలి ఇచట దుష్టుని గుణమును చూపు గురుతుగా మాత్రమే మిగిలినది. గ్రామదేవతల కొలువులో బలి యనునది ఊరి మ్రొక్కుబడి, ఊరి విందు. అది నేడు పలుచోట్ల గుమ్మడికాయగా మాఱినను ఊరిదిగానే యున్నది. బలిని సమర్థించుట మా యుద్దేశము గాదు. ఎవరి ఆచారమో చూపక దానికి తీర్పు చెప్పుట కథకు లోపమని మాత్రమే మేము చెప్పుచున్నాము.

అంతకు మించిన లోపములు రెండు. మొదటిది : మాహిష్మతి దేవి మాటలాడదు. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడిలో బోనముల మఱునాడు ‘రంగము’ జరుగును. పచ్చికుండపై నిలిచిన స్త్రీ నోట అమ్మవారు పలుకును, పూజలో కొఱత యున్నచో మందలించును. మాహిష్మతిలో పలుకునది రాజమాత యొక్కతెయే. దేవి వెనుక విగ్రహమై నిలిచియుండును. రెండవది : కాలకేయుల విషయము. వారికి మదన్ కార్కి కిలికి యను భాషను పదములతో, వ్యాకరణముతో కల్పించి యిచ్చెను. అంత శ్రద్ధతో భాష పొందిన జాతికి మ్రొక్కుకొనుటకు ఒక దేవుడైనను చూపబడలేదు. చేతులు జోడించు నిమిషమున శత్రువును ఒక్కసారి చూచిన ప్రేక్షకుడు వానిని మనుష్యుడని తలచును. యుద్ధఘట్టమునకు అది అడ్డు.

అయినను ఈ కథలో దైవము నిజముగా కొలువైయున్న చోటు ఒకటి కలదు. కొడుకు కొండ యెక్కుట మానవలెనని సంగ కుండలతో నీరు మోసి లింగమున కభిషేకము సేయును. తల్లి శ్రమను చూడలేక శివుడు లింగమును పెల్లగించి భుజముపై మోసికొనిపోయి జలపాతము క్రింద నిలుపును. ఇందు కోరిక యున్నది, అలసట యున్నది, దేవునితో చనువున్నది. ఇది సామ్రాజ్యమునకు వెలుపల, కొండక్రింది గూడెమున జరిగిన పూజ.

కావున కల్పిత రాజ్యముల కథలను పరిశీలించు విద్యార్థులు, అచట ఏ దేవుడున్నాడని మాత్రమే విచారించిన చాలదు. ఎవరు మోయుచున్నారు, ఎవరు భుజించుచున్నారు, ఎవరు పలుకుచున్నారు అని విచారింపవలయును. అప్పుడే ఆ దేవుడు ప్రజల దేవుడో, సింహాసనమున కలంకారమో తేటపడును.