తక్కెడకు తెలియని మార్పు

నిజామాబాదు జిల్లా సిరికొండవంటి ఊళ్ళలో చేట ఒడిలో పెట్టుకొని దినమంతయు బీడీలు చుట్టు స్త్రీలు కలరు. వారిలో ఒకామె రొమ్ము కాన్సరుకు హైదరాబాదులో చికిత్స పొంది తిరిగి వచ్చినదనుకొనుడు. ఏడాదిలో ఒళ్ళు వచ్చినచో ఇరుగుపొరుగువారు "ఆ గోలీల గుణమే" అని తీర్పు చెప్పుదురు.

ఈ తీర్పు ప్రమాదకరమైనది. ఆ గోలీ టామోక్సిఫెన్ అయినచో సాధారణముగా 5 ఏండ్లు, కొందరు 10 ఏండ్లు వాడవలెను. నడుమ మానినచో వ్యాధి తిరుగబెట్టు అవకాశము పెరుగును. అమెరికాలో ఈ వ్యాధి ముప్పు అధికముగా గల 13,000 మందికి పైగా స్త్రీలలో సగము మందికి టామోక్సిఫెన్, తక్కినవారికి మందు లేని ఉత్తి గోలీ ఇచ్చి చూచిరి. ఒళ్ళు వచ్చుటలో రెండు జట్ల నడుమ భేదము కనబడలేదని 1999లో ప్రకటించిరి.

కారణములు వేరుచోట వెదకవలెను. కీమోథెరపీతోపాటు ఇచ్చు స్టెరాయిడులు ఆకలిని పెంచును. ముట్లు ముందుగనే ఉడుగవచ్చును. నీరసముచే నడక తగ్గును. కూర్చుండి పనిచేయువారికి ఆ నడకయే గదా ఉన్న వ్యాయామము! కండ కరగి, ఆ మేరకు కొవ్వు చేరినచో తక్కెడ ముల్లు కదలకనే యుండును.

ఇక ఆహారము మాట. 2006లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 2,437 మంది పాల్గొనిరి. కొవ్వు తగ్గించి తిన్నవారిలో 9.8 శాతమునకు, తక్కినవారిలో 12.4 శాతమునకు వ్యాధి తిరుగబెట్టెను. 2007లో వచ్చిన మరియొక దానిలో 3,088 మంది కలరు. ఒక జట్టు కూరగాయలు, పండ్లు పెంచి, కొవ్వు తగ్గించినను ఫలితము 16.7, 16.9 శాతములు, అనగా భేదము లేదు. ఈ వైరుధ్యమునకు మూలమేమి? మొదటి పరిశోధనలో కొవ్వు తగ్గించినవారు రెండవ జట్టుకంటె సుమారు 2.7 కిలోలు తక్కువ తూగిరి. రెండవ పరిశోధనలో బరువు దాదాపు మారలేదు. మేలు చేసినది కొవ్వు తగ్గుటయా, బరువు తగ్గుటయా అనుదానిని మొదటి పరిశోధన విడదీయజాలలేదు. అది దాని పెద్ద లోపము. "నెయ్యి మానుము" అని మాత్రము చెప్పి పంపు సలహాకు ఇది చాలిన ఆధారము కాదు.

కావున సిరికొండ స్త్రీని తూచి పంపుటతో వైద్యుని పని తీరదు. నడుము చుట్టుకొలత చూడవలెను. చేతి ఊతము లేక పీటమీదినుండి లేవగలుగుచున్నదా, దినమునకు ఎంతసేపు నడచుచున్నది అని అడుగవలెను. ప్రయత్నింపకయే బరువు తగ్గుచున్నచో సంతోషింపక, వెంటనే కారణము వెదకవలెను.