రాకాసి గుళ్లు: ఒక నామవిచారము

నల్లగొండ, పాలమూరు మెరక సీమలలో బండపలకలతో గట్టిన ప్రాచీన సమాధులను జనులు రాకాసి గుళ్లందురు. ఈ పేరునుబట్టి వానిని గట్టినవారు రాక్షసులుగా నిందింపబడిన యొకానొక జాతివారని చెప్పుట సులభము. శబ్దచరిత్ర అందుకు సమ్మతించునా యన్నదే యిచటి ప్రశ్న.

సంస్కృతమునందలి 'రాక్షసి' ప్రాకృతమున 'రక్ఖసి' యై, ఒత్తు వీడి తెలుగున 'రక్కసి' యైనది. పక్షి 'పక్కి' యగుటయు, యక్షిణి 'జక్కిణి' యగుటయు నిట్టివే. చిక్కెల్ల 'రాకాసి' యను రూపముతోనే. మొదటి దీర్ఘము సంస్కృతమున గలదు. రెండవ దీర్ఘమునకు సంస్కృతమునగాని ప్రాకృతమునగాని ఆధారము లేదు. అది తెలుగువారి నోట నేర్పడినదనియే నా తలంపు. రాళ్లను కాచునది గనుక రాకాసి యని 'రాయి', 'కాచు' శబ్దములనుండి సాధించుట చెవి కింపుగనే యుండును. 'రక్కసి' రూపముండగా అది నిలువదు.

ఇక రెండవ పదము. గుడికి బహువచనము గుళ్లు, గూడునకు గూళ్లు. రెండు పలుకుబడులును గలవు. పలకలు నిలిపి మూతబండ పరచిన యీ కట్టడమునకు గూడను పేరే తగును. రాక్షసులకు గుడి యేల యను శంకయు దీనితో తీరును. ఏదైనను ఈ పదము ద్రావిడమే.

భువనగిరి చెంతనున్న రాయగిరి సమాధులను ఇ. హెచ్. హంటు పరిశోధించెను. 2016 వరకు ఆ తావు నల్లగొండ జిల్లాలోనిది. ఇట్టి సమాధులు ప్రధానముగా క్రీ.పూ. మొదటి సహస్రాబ్దికి చెందినవి. వానిలో ఇనుప పనిముట్లు, నలుపు ఎరుపు కుండలు లభించును. ప్రాకృతమునుండి వచ్చిన మాట తెలుగున కుదురుకొని దీర్ఘము పొందుటకు చాలకాలము పట్టును. కావున కట్టినవారిని మఱచిన తరములే ఈ పేరు పెట్టినవి. కన్నడసీమయందలి హిరేబెణకల్లున ఇట్టి కట్టడములను మోరియరను పొట్టివారికి అంటగట్టుదురు. బండల బరువు చూచి ఒకచోట మహాకాయులను, గది యిఱుకు చూచి మఱియొకచోట మరుగుజ్జులను జనులు ఊహించినారన్నమాట!

కృష్ణాతీరమున ముడుమాలులో కథ వేఱు. అచటి నిలువురాళ్లు తిమ్మప్ప పేర, ఒక రాయి యెల్లమ్మగను పూజలందుచున్నవి. ఒకే సీమలో ఒక రాయి దేవత, వేఱొకటి రక్కసి యగుట వింతగాదు. 'దైవము' నుండి పుట్టిన 'దయ్యము' ప్రాచీన కవుల వాడుకలో దేవతకును విధికిని పేరు, నేడది పిశాచము.

క్షేత్రమునకేగు విద్యార్థులు గుళ్లు, గూళ్లు అను రూపములలో నేది యెచట వాడుకలో నున్నదో ఊరూర గుర్తింపవలసియున్నది.