నిడివి కాదు, హద్దు: ఆంగ్ల రచనలో రన్-ఆన్ వాక్యం

పరిశోధక విద్యార్థుల ఆంగ్ల రచనలో రన్-ఆన్ వాక్యం కనిపించగానే తరచుగా వినిపించే సలహా 'చిన్న వాక్యాలు రాయండి' అన్నది. ఈ సలహా దోషాన్ని సరిగా గుర్తించదు. 'ఇట్ రెయిన్డ్, వుయ్ స్టేయ్డ్ ఇన్' అన్నదానిలో ఉన్నవి ఐదు పదాలే. అయినా అది రన్-ఆన్. నియమబద్ధంగా కూర్చిన నూరు పదాల వాక్యం రన్-ఆన్ కాదు. రెండు స్వతంత్ర ఉపవాక్యాలు సముచ్చయ పదం గాని, తగిన విరామచిహ్నం గాని లేకుండా కలిసిపోవడమే ఈ దోషం. వాటి మధ్య కామా ఒక్కటే ఉంటే దానిని కామా స్ప్లైస్ అంటారు.

తెలుగు విద్యార్థి విషయంలో దీనికి వాక్యనిర్మాణపరమైన కారణం ఒకటి ఉంది. 'లేచి, స్నానం చేసి, భోంచేసి బడికి వెళ్ళాడు' అన్నప్పుడు సమాపక క్రియ చివర ఒక్కటే. క్త్వార్థకాలు మూడూ దానిపై ఆధారపడతాయి. విద్యార్థి కామాలను అలాగే ఉంచి, 'హీ గాట్ అప్, హీ బేద్డ్, హీ ఏట్' అంటూ ప్రతి క్త్వార్థకాన్నీ సమాపక క్రియగా మారుస్తాడు. తెలుగులో ప్రత్యయం చేసే పనిని ఆంగ్లంలో కామా చేయలేదు.

సిద్ధాంత గ్రంథాలలో ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు 'దేర్‌ఫోర్' వద్ద వస్తుంది. 'ఆధారాలు చాలవు కాబట్టి ఈ వాదం నిలవదు' అన్న వాక్యంలో 'కాబట్టి' మొదటి ఉపవాక్యాన్ని రెండవదానికి అధీనం చేస్తుంది. 'దేర్‌ఫోర్' మాత్రం రెండవ ఉపవాక్యానికి చెందిన క్రియావిశేషణం. దానికి ముందు ఫుల్‌స్టాప్ గాని సెమీకోలన్ గాని ఉండాలి. అర్థంలో సమీపమైనా వీటి వాక్యధర్మాలు వేరు. నిర్మాణంలో 'కాబట్టి'కి దగ్గరైనది 'సిన్స్'.

అయితే మాతృభాషా ప్రభావమే సర్వకారణం కాదు. కార్నెల్ విద్యార్థుల కోసం విలియం స్ట్రంక్ 1918లో అచ్చువేయించిన 'ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్' లోనూ స్వతంత్ర ఉపవాక్యాలను కామాతో కలపరాదన్న నియమం ఉంది. ఒకే తీరున సాగే అతి చిన్న ఉపవాక్యాలకు ఆయన మినహాయింపు కూడా ఇచ్చాడు.

సవరణలో అసలు ప్రశ్న ఉపవాక్యాల మధ్య సంబంధం ఏమిటన్నది. ఫుల్‌స్టాప్ వాటిని విడదీస్తుంది; సెమీకోలన్ సాన్నిహిత్యాన్ని సూచిస్తుంది; కామాతో వచ్చే 'బట్' వైరుధ్యాన్ని, 'బికాజ్' కారణాన్ని తెలుపుతాయి. అన్నింటినీ ఫుల్‌స్టాప్‌తో తెగ్గొడితే వ్యాకరణ దోషం పోవచ్చు గాని, కారణమో వైరుధ్యమో తేలని వాదం అస్పష్టంగానే మిగులుతుంది. సమాపక, అసమాపక భేదం తెలుగు విద్యార్థికి తన వ్యాకరణం ద్వారా పరిచితమైనదే. ఆంగ్ల రచనాబోధన అక్కడి నుండి మొదలైతే, విద్యార్థి వాక్యాన్ని కుదించడం కాక, వాదాన్ని కూర్చడం నేర్చుకుంటాడు.