కూత వినపడాలి

సంక్రాంతి దగ్గర పడిందంటే మా యానాం చుట్టుపక్కల ఏదో ఒక ఖాళీ స్థలంలో కబడ్డీ కోర్టుకు సున్నం గీతలు పడతాయి. పక్కనే గెడకర్రకు లౌడ్‌స్పీకరు కడతారు. ఆ స్పీకరు వెనకాల మైకు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టి ఇరవయ్యేళ్లు దాటింది నాకు.

మొదటి ఏడాది క్షణం ఖాళీ వస్తే చాలు, గుండె జారిపోయేది. గొంతు ఆగితే జనం లేచిపోతారనుకునేవాణ్ని. ఆటగాడి పేరు, వాళ్ల ఊరు, కిందటేడు కొట్టిన పాయింట్లు, దాతల పేర్లు, అన్నీ కలిపి కుమ్మరించేవాణ్ని. ఒక సెమీఫైనల్లో స్కోరు సమానంగా ఉంది. చివరి కూత. కుర్రాడు మధ్యగీత దాటాడు. నేను అందుకున్నాను. అతని పెదాలు కదులుతున్నాయి, మైదానమంతా నా గొంతే మోగుతోంది. అంపైరు ఈల ఊది ఆట ఆపేసి నేరుగా నా దగ్గరికొచ్చారు. పెద్దాయన. కోప్పడలేదు. "ఒరే బాబూ, ఆడి కూత నాకు ఇనబడాలిరా. ఇనబడకపోతే తెగిందో లేదో ఎలా చెప్పమంటావ్?" అన్నారు.

ఆ కూత మళ్లీ పెట్టించారు. నేను మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాను. అంత దగ్గరనుంచి కబడ్డీని వినడం నాకు అదే మొదలు. మడమ మట్టిని గీకిన చప్పుడు. చేతులు కలిపి గొలుసుకట్టుగా వెనక్కి జరుగుతున్నవాళ్లు "పట్టు, పట్టు" అని లోగొంతుకతో అనుకోవడం. గట్టిగా మొదలైన కూత పోనుపోను సన్నబడి, గీతకు బారెడు దూరంలో దాదాపు గాలైపోవడం. ఇవన్నీ కిందటి రోజు కూడా అక్కడే ఉన్నాయి. నేనే కప్పేశాను.

మిగతా ఆటల్లో ఆటగాడు ఆడతాడు, చెప్పేవాడు చెబుతాడు. మన చెడుగుడులో ఆటగాడే పలకాలి. అతని ఊపిరే అప్పట్లో గడియారం. ఇప్పుడు కూతకు 30 సెకన్ల గడువు పెట్టారు. 2014లో ప్రో కబడ్డీ వచ్చాక ఆ లెక్క తెరమీద అందరికీ కనిపిస్తోంది. అయినా కూత మానడానికి వీల్లేదు, తెగితే అవుటే. అందుకే నేను చెప్పాల్సింది గీత దాటకముందే చెప్పేస్తాను: అవతల ఎంతమంది మిగిలారు, బోనస్ ఉందా లేదా. మళ్లీ నోరు విప్పేది అతను తిరిగొచ్చాకే.

రేడియో సంగతి వేరని ఒప్పుకోవాలి. మా తాతయ్య క్రికెట్ కామెంటరీ వింటూ నాలుగు సెకన్లు మాట రాకపోతే స్టేషను పోయిందని మర తిప్పేసేవారు. రేడియోలో మైదానాన్ని కట్టి చూపించాల్సింది మాటే కదా. టీవీలో మైదానం ఎదురుగానే ఉంటుంది. టీవీ క్రికెట్ కామెంటేటర్‌గా పేరు తెచ్చుకున్న రిచీ బెనో ఆస్ట్రేలియాకు ఆడుతున్న రోజుల్లోనే, 1956లో, బీబీసీలో శిక్షణ తీసుకున్నాడు. తెరమీద ఉన్నదానికి ఏమైనా కలపగలిగితేనే మాట్లాడాలి, లేదంటే ఊరుకోవాలి అన్నది ఆయన జీవితాంతం పాటించిన పద్ధతి.

2021 జనవరి 11 ఎప్పటికీ మర్చిపోను. భోగికి ఇంకా రెండు రోజులుంది. సిడ్నీలో ఆస్ట్రేలియాతో టెస్టు, అయిదో రోజు ఆట. మా పక్కనున్న కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ కండరం పట్టేసి పరిగెత్తలేని స్థితిలో ఉన్నాడు. అవతల అశ్విన్‌కు నడుం వంగడం లేదు. విహారి 161 బంతులాడి 23, అశ్విన్ 128 బంతులాడి 39, ఇద్దరూ నాటౌట్. మ్యాచ్ డ్రా. పరుగులు రాని ఆ గంటల్లో కామెంటరీకి పట్టుకోవడానికి ఏముంటుంది? నాకు మాత్రం వికెట్ల దగ్గరి మైకు చాలు. బంతిని చంపేసిన బ్యాటు చప్పుడు, వికెట్ల వెనకనుంచి టిమ్ పెయిన్ రెచ్చగొట్టడం, అశ్విన్ తిరిగి అనడం. ఒక్కో బంతి దాటేకొద్దీ మా ఇంట్లోనూ మాటలు ఆగిపోయాయి. ఎవరైనా ఆ చప్పుళ్ల మీద గణాంకాలు చదువుతుంటే లేచి వాల్యూమ్ తగ్గించాలనిపించేది. తగ్గిస్తే బ్యాటు చప్పుడు కూడా పోతుంది, అదీ బాధ.

మా దగ్గర గణాంకాల బదులు చీటీలొస్తాయి. కప్పు ఇచ్చినవారు, భోజనాలు పెట్టించినవారు, బంధువులు. "మాస్టారూ, మా నాన్నగారి పేరు కాస్త మంచి టైములో చదవండి" అంటారు. మంచి టైమంటే జనమంతా కోర్టు వైపే చూస్తున్న టైము, అంటే సరిగ్గా కూత నడిచే టైము. వాళ్లు డబ్బిచ్చారు, ఆ పేరు నలుగురికీ వినిపించాలనుకోవడంలో తప్పేమీ లేదు. చీటీలన్నీ జేబులో పెట్టుకుని హాఫ్‌టైము 5 నిమిషాల్లో ఒక్కొక్కటీ నిదానంగా, ఇంటిపేరుతో సహా చదువుతాను. కొందరికి కోపమొచ్చింది. ఒకరు మరుసటి ఏడాది చందా ఇవ్వలేదు కూడా. కమిటీవాళ్లు నన్ను అడిగారు, ఒక్క పేరేగా, మధ్యలో చదివేస్తే పోయేదేముందని. కూతకు వెళ్లబోతున్న పిల్లాణ్ని చూపించి, ముందు అతన్ని అడిగి రమ్మన్నాను.