మెలికల లెక్క

ఆటిజం ఉన్నవాళ్ల ఇష్టాల మాట వస్తే రైళ్లు, రాకెట్లు, డైనోసార్లే చెబుతారు. నా ఇష్టం ముగ్గు. ధనుర్మాసంలో ఆడపిల్ల ముగ్గుల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఎవరికీ వింతగా ఉండదు. నడి వేసవిలోనూ అదే పుస్తకం, అన్నానికి పిలిచినా వినపడనంత ధ్యాస! అమ్మాయిల్లో ఆటిజం చాలాకాలం ఎవరి కంటా పడకపోవడానికి ఇదొక కారణం. ఇష్టపడేది మామూలు వస్తువే, ఇష్టపడే తీరే వేరు. నాకైతే ముప్పై దాటాక గానీ తెలియలేదు.

పూలు, నెమళ్లు, రంగులు నన్ను లాగలేదు. ‘15 చుక్కలు, సందు చుక్క 8 వచ్చేవరకు’ అని చదివితే చాలు, మనసు కుదుటపడేది. అన్నిటికన్నా మెలికల ముగ్గులంటే ప్రాణం. గీత చుక్కను తాకకుండా చుట్టూ తిరిగి, మొదలైన చోటికే వచ్చి కలవాలి. కొన్ని ముగ్గులు ఒకే గీతతో పూర్తవుతాయి. కొన్నిటికి ఇంకో గీత ఎత్తుకోవాలి. ఎందుకలా? ఇంట్లో ఎవరికీ ఆ ప్రశ్నతో పనిలేదు. ఇంటర్‌కి వచ్చేసరికి “ఇంకా అదే పిచ్చా?” అన్న మాట పడలేక నోటుబుక్కులన్నీ అటకెక్కించాను.

ఈమధ్య దించాను. పాత ఇష్టం దగ్గరికి వెళ్లడమంటే చిన్నతనం తలుచుకుని మురిసిపోవడం అనుకుంటారు. నాకలా అనిపించలేదు. ప్రశ్న ఆగిన చోటే ఉంది, అక్కణ్నుంచే అందుకున్నాను. ఈసారి జవాబు దొరికింది. సందు చుక్కలు కాకుండా సరి చుక్కలు అడ్డంగా, నిలువుగా పెట్టి మామూలుగా మెలికలు తిప్పుకుంటూ పోతే ఎన్ని గీతలు పడతాయో ఆ రెండు అంకెల గ.సా.భా. చెబుతుంది. అడ్డం 3, నిలువు 4 అయితే ఒకటే గీత. 4, 6 అయితే రెండు. 4, 4 అయితే నాలుగు. బళ్లో నేర్చుకున్న లెక్క వాకిట్లో పిండితో వేసి ఉందన్నమాట! చెన్నైలో గిఫ్ట్ సిరొమొనీ, రాణి సిరొమొనీ, కమలా కృతివాసన్ తమిళుల ముగ్గులైన కోలాలకు గణితంలో వ్యాకరణం కట్టి 1974లోనే పరిశోధన పత్రం రాశారని తెలిసినప్పుడు, అది చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో.

చేలో నీళ్లన్నీ ఒకే బోదెలోకి మళ్లినట్టు ఆటిజం ఉన్న మా ధ్యాస ఒక్క దాంట్లోకే పారుతుంది. డైనా ముర్రే, మైక్ లెసర్, వెన్ లాసన్ 2005లో రాసిన పత్రంలో ఆటిజానికి మూలం ఈ తీరులోనే ఉందన్నారు. నా అనుభవమూ అదే చెబుతుంది. అందుకే, పిల్లల ఇష్టాన్ని మాట వింటే ఇచ్చే బహుమతిగా, వినకపోతే లాక్కునే వస్తువుగా వాడే ఇళ్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ పిల్లలకి ఊపిరాడేది అక్కడే. పనికొస్తుందా లేదా అన్నది తర్వాతి సంగతి. పనికి రాకపోయినా ఫర్వాలేదంటాను.

ప్రస్తుతం 4, 4 ముగ్గు మీద ఉన్నాను. వేర్వేరు గీతలు ఒకదాన్నొకటి దాటే చోట, దాటనివ్వకుండా రెంటినీ విడదీసి వెనక్కి తిప్పితే ఆ రెండూ ఒకటైపోతాయి. ఇలా మూడుసార్లు చేస్తే నాలుగు గీతలూ ఒకటే. ఏ మూడు చోట్ల తిప్పితే ముగ్గు అందం చెడదో ఒక్కొక్కటే వేసి చూస్తున్నాను. నెలగంట పెట్టేలోపు తేలితే అదే మా వాకిట్లో మొదటి ముగ్గు.